విడాకులైతే ఆస్తిలో సగం వస్తుందా?

విడాకుల మాట పుట్టిన ఇంట్లో ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. అమ్మాయి తరఫువాళ్లు ఆశగా, అబ్బాయి తరఫువాళ్లు భయంగా అడిగేది ఒకటే: "ఆస్తిలో సగం ఇవ్వాల్సి వస్తుందా?" ఇద్దరికీ జవాబు కూడా ఒకటే. గోవాను పక్కన పెడితే, విడాకులైనంత మాత్రాన భర్త ఆస్తిలో భార్యకు ఇంత, భార్య ఆస్తిలో భర్తకు ఇంత అని చెప్పే చట్టం మన దేశంలో లేదు.

సగం అన్న మాట సముద్రం దాటి వచ్చింది. కాలిఫోర్నియాలో ఉన్న మేనల్లుడి విడాకుల కబురు ఫోన్‌లో విన్నవాళ్లూ, సినిమా తారల సెటిల్‌మెంట్ల వార్తలు చదివినవాళ్లూ మన దగ్గరా అంతేననుకుంటారు. మన చట్టం పెళ్లిని ఎలా రద్దు చేయాలో సెక్షన్ల వారీగా వివరంగా రాసింది. ఆ పెళ్లిలో ఇద్దరూ కలిసి కూడబెట్టింది ఎలా పంచాలో రాయలేదు. రాయని ఆ చోటును కోర్టులు భరణంతో, స్త్రీధనంతో, ఇంట్లో ఉండే హక్కుతో పూడుస్తూ వస్తున్నాయి. ఈ మూడూ వేర్వేరు హక్కులు, వేర్వేరు చట్టాల్లో ఉన్నాయి. ఆస్తిలో వాటా నాలుగోది, అది లేదు. నాలుగింటినీ ఒకే ముద్ద చేసి మాట్లాడుకోవడం వల్లే పెద్దమనుషుల పంచాయితీల్లో అంత గందరగోళం.

చట్టం దృష్టిలో పెళ్లి జరిగిందా?

మనకు అందరికీ ఒకే వివాహ చట్టం లేదు. హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులు 1955 నాటి హిందూ వివాహ చట్టం కిందికి వస్తారు. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం ఉంది, దాన్ని 2001లో బాగా సవరించారు. ముస్లింలకు వారి పర్సనల్ లాతో పాటు 1939 చట్టం, ఒకే ఊపులో మూడుసార్లు తలాక్ చెప్పడాన్ని నేరంగా మార్చిన 2019 చట్టం ఉన్నాయి. మతాలు వేరైనవాళ్లు, మత తంతుతో పని లేదనుకున్నవాళ్లు 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటారు. షెడ్యూల్డు తెగలవారికి, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప, హిందూ వివాహ చట్టం వర్తించదు. వాళ్ల ఆచారమే వాళ్లకు చట్టం. మన దగ్గర ఎక్కువమందికి వర్తించేది హిందూ వివాహ చట్టమే కాబట్టి ఇక్కడ ప్రధానంగా దాని గురించే చెబుతాను.

హిందూ పెళ్లికి ప్రాణం తంతు. అబ్బాయి వైపు ఆచారమో, అమ్మాయి వైపు ఆచారమో పాటించాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తవుతుంది. వీసా తొందరలో తంతు లేకుండా ముందు సర్టిఫికెట్ తీసుకుని, "పెళ్లి తర్వాత చూసుకుందాం" అనే జంటలు ఈమధ్య ఎక్కువయ్యాయి. తంతు జరగకుండా రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే ఉంటే అది హిందూ వివాహం కాదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది. తంతు సవ్యంగా జరిగి రిజిస్ట్రేషన్ లేకపోతే పెళ్లి చెల్లుతుంది, కానీ రుజువు చేసుకునే తిప్పలు పడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే వివాహ రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. శుభలేఖ, ఫొటోలు, పురోహితుడి సాక్ష్యం కంటే ఆ ఒక్క కాగితం కోర్టులో త్వరగా పని చేస్తుంది.

ఇంకో పెద్ద చిక్కు స్టాంపు పేపరు విడాకులు. ఊళ్లో నలుగురు పెద్దలు కూర్చుని, వంద రూపాయల కాగితం మీద "ఇకపై మాకు ఎలాంటి సంబంధం లేదు" అని రాయించి, ఇద్దరితో సంతకాలు పెట్టించి, ఎవరి దారిన వారిని పంపేస్తారు. ఆ కులంలో అలా విడిపోయే ఆచారం చాలాకాలంగా ఉందని రుజువు చేయగలిగితే సెక్షన్ 29 దాన్ని గుర్తిస్తుంది. రుజువు చేయడం తేలిక కాదు. చేయలేకపోతే ఆ కాగితానికి ఏ విలువా లేదు, మొదటి పెళ్లి బతికే ఉంటుంది. దాన్ని నమ్మి చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, పైగా నేరం కూడా. తెలంగాణ నుంచి వెళ్లి, 2025 జనవరిలో సుప్రీంకోర్టులో తేలిన కేసు సరిగ్గా ఇలాంటిదే. మొదటి భర్తతో రాతపూర్వక ఒప్పందంతో విడిపోయిన మహిళ, కోర్టు డిక్రీ లేకుండానే రెండో పెళ్లి చేసుకుంది. విషయం తెలిసే చేసుకున్న రెండో భర్త తర్వాత భరణం ఎగ్గొట్టడానికి అదే సాకు చూపాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, భరణం ఇవ్వాల్సిందేనంది. ఆమెకు న్యాయం జరిగింది నిజమే, కానీ అక్కడిదాకా వెళ్లడానికి పట్టిన ఏళ్లు ఎవరు తిరిగిస్తారు?

బయటికి వచ్చే దారులు

పెళ్లైన ఏడాదిలోపు, మరీ అసాధారణ కష్టం ఉంటే తప్ప, విడాకుల పిటిషన్ వేయకూడదు. ఆ తర్వాత రెండు దారులు.

ఒకటి పోట్లాడి తెచ్చుకునేది. క్రూరత్వం, రెండేళ్లు వదిలేసి ఉండటం, వివాహేతర సంబంధం, మతం మారడం, తీవ్రమైన మానసిక వ్యాధి, ఏడేళ్లుగా ఆచూకీ లేకపోవడం లాంటి కారణాల్లో ఒకటి రుజువు చేయాలి. కుష్ఠు వ్యాధి కూడా ఈ జాబితాలో ఉండేది, 2019లో తీసేశారు. ఈ జాబితాలో లేని కారణం ఒకటుంది, అదే నిజజీవితంలో ఎక్కువ కనిపిస్తుంది: ఇద్దరి మధ్యా ఇక ఏమీ మిగల్లేదు. పదేళ్లుగా వేర్వేరుగా ఉంటున్నా, ఒకరు కాదంటే ఫ్యామిలీ కోర్టు "ఈ పెళ్లి చచ్చిపోయింది" అని డిక్రీ ఇచ్చే వీలు లేదు. హైకోర్టుకూ ఆ వీలు లేదు. రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద ఆ అధికారం తనకు ఉందని సుప్రీంకోర్టు 2023 మే 1న ఐదుగురు జడ్జీల ధర్మాసనంతో తేల్చింది. అలాగని ఎవరూ నేరుగా అక్కడికి వెళ్లి విడాకులు అడగలేరు.

రెండోది పరస్పర అంగీకారం. 1976 సవరణతో సెక్షన్ 13బిగా వచ్చింది. ఏడాదిగా విడిగా ఉండి, ఇద్దరూ కలిసి పిటిషన్ వేసి, ఆరు నెలలాగి, మళ్లీ ఇద్దరూ వచ్చి అదే మాట చెప్పాలి. చాలాకాలంగా విడిగా ఉండి, అన్ని లెక్కలూ తేలిపోయి ఉంటే ఆ ఆరు నెలలూ ఆగనక్కర్లేదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకే డబ్బు సాధారణంగా రెండు విడతలుగా చేతులు మారుతుంది, చివరి చెక్కు రెండో మోషన్ రోజు, అంటే ఇద్దరూ రెండోసారి కోర్టుకు వచ్చి ఆ మాట చెప్పే రోజు.

చట్టంలో లేని ఆస్తి పంపకం నిజానికి జరిగేది ఇక్కడే. పరస్పర అంగీకారంలో ఇద్దరూ ఏం రాసుకుంటే అది. సగం రాసుకోవచ్చు, మొత్తం ఇచ్చేయొచ్చు, ఏమీ ఇవ్వకపోవచ్చు. చట్టం మౌనంగా ఉన్నప్పుడు బేరం మాట్లాడుతుంది. ఎవరి చేతిలో ఏ కేసు ఉంది, పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు, ఎవరికి మళ్లీ పెళ్లి తొందర ఎక్కువ అన్నదాన్ని బట్టి అంకె తేలుతుంది. ఇది మంచి పద్ధతని నేననుకోను. ఓపిక, డబ్బు ఉన్నవాళ్లదే ఇందులో పైచేయి. ఒప్పందం రాసుకునేవాళ్లు ఫ్లాటు మార్పిడి ఉంటే రిజిస్ట్రేషన్ ఎవరి ఖర్చుతో, ఎప్పటిలోగా, మిగిలిన లోను ఎవరు కడతారు, పెండింగ్‌లో ఉన్న కేసులు ఎవరు ఎప్పుడు వెనక్కి తీసుకుంటారు అన్నవి తేదీలతో సహా రాయించుకోవాలి. "పరస్పర అవగాహనతో పరిష్కరించుకుంటాం" అని ఒక లైను రాసి వదిలేసిన ఒప్పందాలే మళ్లీ కోర్టుకు వస్తాయి.

ఒక ఇంటి లెక్క

ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. పెళ్లై 14 ఏళ్లు. రెండో బిడ్డ పుట్టాక భార్య ఉద్యోగం మానేసింది. భర్త జీతంతో, బ్యాంకు లోనుతో హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్నారు, అతని పేరున. పెళ్లప్పుడు ఆమెకు పుట్టింటివాళ్లు 40 తులాల బంగారం, పసుపు కుంకుమ కింద ఎకరం పొలం ఇచ్చారు. ఊళ్లో అతని తండ్రి దగ్గర మూడెకరాలు ఉన్నాయి. ఇప్పుడు విడిపోతున్నారు.

ఫ్లాటు అతనిది. కారణం, దస్తావేజు అతని పేరున ఉంది, డబ్బు అతను కట్టాడు. ఆమె ఉద్యోగం మానేసి ఇల్లు, పిల్లల్ని చూసుకోబట్టే అతను నిశ్చింతగా సంపాదించగలిగాడన్న వాదన వినడానికి ఎంత సబబుగా ఉన్నా, హిందూ వివాహ చట్టంలో దానికి చోటు లేదు. ఆస్తి గురించి ఆ చట్టంలో ఉన్నది సెక్షన్ 27 ఒక్కటే. పెళ్లి సమయంలో, దాని అటూ ఇటూ వచ్చి, ఇద్దరికీ ఉమ్మడిగా చెందే కానుకల గురించి మాత్రమే అది మాట్లాడుతుంది. బీరువా, మంచం, జంటకు కలిపి ఇచ్చిన వెండి సామాను లాంటివి. పద్నాలుగేళ్ల సంపాదన అందులోకి రాదు. భార్యాభర్తల ఆస్తి తగాదాలను 1984 నాటి చట్టంతో వచ్చిన ఫ్యామిలీ కోర్టు వినగలదు, కానీ అక్కడ కూడా తేల్చేది మామూలు యాజమాన్య సూత్రాల ప్రకారమే: కాగితం ఎవరిది, డబ్బు ఎవరిది.

ఫ్లాటు ఇద్దరి పేరున ఉండుంటే కథ మారేది. ఇద్దరూ వేర్వేరుగా డబ్బు పెట్టి కొన్నప్పుడు ఎవరు ఎంత పెట్టారో ఆ నిష్పత్తిలో వాటా వస్తుందని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 45 చెబుతుంది. ఎంత పెట్టారో ఆధారం లేకపోతే చెరి సమానం. బ్యాంకు స్టేట్‌మెంట్లు పారేయకూడదనేది అందుకే. అతను తన డబ్బుతో ఆమె పేరున కొనుంటే? లెక్క చెప్పగలిగే డబ్బుతో భార్య పేరున కొన్న ఆస్తి బినామీ కిందికి రాదని 2016 సవరణ తర్వాతి చట్టం అంటోంది. అలాగని అది ఆమెదైపోయినట్టూ కాదు, అతనిదే అయినట్టూ కాదు. డబ్బు ఎవరిది, ఏ ఉద్దేశంతో ఆమె పేరున పెట్టాడు అన్నది సాక్ష్యాలతో తేలాలి.

లోను సంగతి చాలామంది మరిచిపోతారు. ఇద్దరూ సంతకం పెట్టిన హోమ్ లోనుకు విడాకుల డిక్రీతో సంబంధం లేదు. "ఇకపై భర్తే కడతాడు" అని కోర్టు రికార్డులో ఉన్నా, అతను మానేస్తే బ్యాంకు ఆమెకూ నోటీసు పంపుతుంది. బ్యాంకును ఒప్పించి ఒకరి పేరు తీయించుకునే దాకా ఇద్దరూ బాకీదారులే.

మూడెకరాల దగ్గర అందరికీ ఒక భ్రమ. భర్త పిత్రార్జితంలో భార్యకు వాటా వస్తుందని. అతను బతికుండగా ఆమెకు అందులో ఏమీ లేదు. అతను పోయినప్పుడు భార్యగా ఉంటే వారసురాలు, విడాకులైతే ఆ దారీ మూసుకుంటుంది. పిల్లల లెక్క వేరు. ఆ పొలం నిజంగా ఉమ్మడి కుటుంబపు ఆస్తి అయితే కొడుకుకూ కూతురికీ పుట్టుకతోనే హక్కు ఉంటుంది, తల్లిదండ్రుల విడాకులు దాన్ని తాకవు. కూతుళ్లకు ఈ హక్కు ఇచ్చిన సవరణను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే తెచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయితే "తాతల ఆస్తి" అన్న ప్రతిదీ ఉమ్మడి ఆస్తి కాదు. 1956 చట్టం వచ్చాక తండ్రి చనిపోయి, ఆయన స్వార్జితం కొడుక్కి వారసత్వంగా వస్తే, అది ఆ కొడుకు సొంత ఆస్తేనని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. అందులో మనవలకు పుట్టుకతో వచ్చే హక్కేమీ లేదు.

బంగారం, పొలం: ఆమెవి

స్త్రీధనం విషయంలో చట్టం తడబడలేదు. పెళ్లికి ముందు, పెళ్లిలో, పెళ్లి తర్వాత పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, స్నేహితులు ఆమెకు ఇచ్చిన నగలు, డబ్బు, భూమి ఆమెవి. భర్తకు అందులో వాటా లేదు. అత్తగారి లాకర్లో దాచినా, భర్త కష్టకాలంలో తాకట్టు పెట్టినా యాజమాన్యం మారదు. ఆమె వస్తువులను నమ్మకంగా దాచమని ఇస్తే తిరిగివ్వకపోవడం నేరపూరిత విశ్వాసఘాతుకమని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. 2024లో ఇంకో తీర్పులో, భర్త కష్టంలో వాడుకోవచ్చు కానీ తిరిగివ్వాల్సిన నైతిక బాధ్యత అతనిదేనంటూ, పోయిన నగలకు పరిహారంగా 25 లక్షల రూపాయలు ఇప్పించింది.

ఆ హక్కు ఆమె ఒక్కదానిదే అన్నది పుట్టింటివాళ్లకూ వర్తిస్తుంది. తెలంగాణకు చెందిన ఒక తండ్రి, కూతురికి విడాకులై ఆమె మళ్లీ పెళ్లి కూడా చేసుకున్నాక, పాత వియ్యంకుల మీద నగల కోసం కేసు పెట్టాడు. కూతురు అడగలేదు, తండ్రికి అధికారమూ ఇవ్వలేదు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. "నేను పెట్టిన బంగారం" అనే మాట మన ఇళ్లలో ఎంత మామూలో, కోర్టులో అంత చెల్లనిది.

మరి కట్నం? ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 నుంచి నేరమే. ఆ చట్టంలోనే సెక్షన్ 6 అనే ముఖ్యమైన వాక్యం ఒకటుంది, దాన్ని ఎవరూ చదవరు. కట్నం ఎవరి చేతికి వెళ్లినా మూడు నెలల్లో వధువుకు అప్పగించాలి, ఈలోగా అది ఆమె కోసం దాచిన సొమ్ము కిందే లెక్క.

వచ్చే చిక్కల్లా రుజువు దగ్గర. 40 తులాలు పెట్టామని వీళ్లు, 15 తులాలేనని వాళ్లు. దీనికి మందు 1985లోనే నిబంధనల రూపంలో వచ్చింది. వధూవరులిద్దరికీ వచ్చిన కానుకల జాబితా విడివిడిగా రాయాలి. వస్తువేంటి, సుమారు విలువెంత, ఇచ్చినవాళ్లెవరు, ఏమవుతారు అన్న వివరాలతో ఇద్దరూ సంతకం పెట్టాలి. చదివింపులు రాయడానికి పుస్తకం, పెన్నుతో మనిషిని కూర్చోబెట్టే అలవాటున్న మనం, ఈ జాబితా మాత్రం రాయం. "పెళ్లిలో విడాకుల మాటేంటి, అపశకునం" అంటారు. నగల బిల్లులు, పెళ్లి వీడియో, లాకర్ రసీదు కనీసం ఆ లోటును కొంత పూడుస్తాయి.

పసుపు కుంకుమ పొలం కూడా ఆమెదే. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14 దాన్ని ఆమె సంపూర్ణ ఆస్తిగా చూస్తుంది. నోటిమాటగా ఇచ్చి, పాస్‌బుక్కు ఇంకా తండ్రి పేరునో అన్న పేరునో ఉన్నచోట మాత్రం గొడవ అత్తింటితో కాదు, పుట్టింటితోనే మొదలవుతుంది.

భరణం

వాటా లేని చోట మన చట్టం ఇచ్చిన ప్రత్యామ్నాయం భరణం, పాతకాలం కాగితాల్లో మనోవర్తి. దీనికి తలుపులు చాలా ఉన్నాయి. విడాకుల కేసు నడుస్తుండగా ఖర్చులకు హిందూ వివాహ చట్టం సెక్షన్ 24. డిక్రీతో పాటు శాశ్వత భరణానికి సెక్షన్ 25. ఈ రెండూ భార్యకే కాదు, సంపాదన లేని భర్తకూ వర్తిస్తాయని చెబితే చాలామంది నమ్మరు. మతంతో సంబంధం లేకుండా భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీఆర్‌పీసీ 125, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 144. గృహహింస చట్టం కింద ఇంకో దారి. ఒకచోట వచ్చిందాన్ని ఇంకోచోట సర్దుబాటు చేస్తారు, అన్నీ కలిపి కూడుకోవు.

ముస్లిం మహిళల విషయంలో ఈ 125వ సెక్షన్‌కు పెద్ద చరిత్రే ఉంది. 1985లో షాబానో కేసులో విడాకులైన ముస్లిం మహిళకూ అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు అంది. దేశమంతా అట్టుడికింది. మరుసటి ఏడాదే పార్లమెంటు వేరే చట్టం చేసి దాన్ని ఇద్దత్ కాలానికి (విడాకుల తర్వాత ఆమె మళ్లీ పెళ్లికి ఆగాల్సిన సుమారు మూడు నెలలకు) కుదించినట్టు కనిపించింది. 2001లో ఆ చట్టాన్నే కోర్టు ఇంకోలా చదివింది: ఇద్దత్ కాలంలోగా ఇవ్వాల్సింది ఆమె మిగతా జీవితానికి సరిపడా ఏర్పాటు అని. చివరికి 2024 జులైలో, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే, రెండు దారులూ ఆమెకు తెరిచే ఉన్నాయని తేలింది. మెహర్, అంటే నిఖాలో భార్యకు ఇస్తానని భర్త ఒప్పుకున్న సొమ్ము, దీనికి అదనం, అది భర్త తీర్చాల్సిన బాకీ.

ఎంత ఇస్తారు? జీతంలో 25 శాతం అని ఒకరంటారు, మూడో వంతని ఇంకొకరు. 2017లో ఒక కేసులో నికర జీతంలో 25 శాతం సబబుగా ఉంటుందని సుప్రీంకోర్టు అన్న మాట నిజమే, అది చట్టం రాసిన అంకె మాత్రం కాదు. ఇద్దరి ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఆమె చదువు, ఎన్నాళ్లు ఉద్యోగానికి దూరంగా ఉంది, పిల్లల ఫీజులు, అతని మీద ఆధారపడ్డవాళ్లు అన్నీ చూస్తారు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది: ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల అఫిడవిట్ తప్పకుండా వేయాలి, భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్కించాలి. అంతకుముందు ఒక్కో కోర్టు ఒక్కో తేదీ నుంచి ఇచ్చేది, అందుకని వాయిదాలు లాగడం ఒక ఎత్తుగడగా ఉండేది. అఫిడవిట్‌లో జీతం తగ్గించి రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఐటీ రిటర్నులు, క్రెడిట్ కార్డు బిల్లులు వాళ్లను పట్టిస్తుంటాయి.

కట్టకపోతే వారెంటు, జైలు. జైలుకెళ్లొస్తే బాకీ మాఫీ అనుకునేవాళ్లున్నారు, కాదు. బాకీ అలాగే ఉంటుంది. శాశ్వత భరణానికి హామీగా అతని స్థిరాస్తి మీద చార్జి, అంటే బాకీకి ఆ ఆస్తినే పూచీగా, పెట్టమని కోర్టును అడగొచ్చు. మన ఊహా కుటుంబంలో ఆమెకు ఫ్లాటులో వాటా అడిగే వీలు లేదు, కానీ ఆ ఫ్లాటు మీదే తన భరణానికి భద్రత అడగగలదు. లాయర్లు దీన్ని అడగాల్సినంత తరచుగా అడగరు.

ఇంట్లో ఉండే హక్కు కూడా ఇలాంటిదే. ఫ్లాటు అతనిదైనా, ఆఖరికి మామగారిదైనా, ఆమె కాపురం చేసిన ఇంటి నుంచి ఆమెను గెంటేయకూడదని 2005 నాటి గృహహింస చట్టం చెబుతోంది. అత్తమామల సొంత ఇల్లైతే ఈ హక్కు లేదని 2006లో వచ్చిన తీర్పును 2020 అక్టోబరులో సుప్రీంకోర్టే తోసిపుచ్చింది. వృద్ధులైన అత్తమామలకూ ప్రశాంతంగా బతికే హక్కుంది కాబట్టి, వేరే చోట అద్దె ఇల్లు ఇప్పించే దారి కూడా చట్టంలోనే ఉంది. ఏదైనా, అది ఉండే హక్కు. అమ్మే హక్కు కాదు.

ఇంటి పనికి విలువ కట్టిన చోట్లు

ఒక వింత చూడండి. గృహిణి రోడ్డు ప్రమాదంలో చనిపోతే, ఆమె ఇంట్లో చేసే పనికి విలువ కట్టి బీమా కంపెనీతో పరిహారం ఇప్పించాలని సుప్రీంకోర్టు పదేపదే చెబుతోంది. అదే గృహిణి బతికుండి విడాకులు తీసుకుంటే ఆ పనికి ఆస్తి లెక్కలో చోటు లేదు. 2023 జూన్‌లో మద్రాస్ హైకోర్టు ఈ గోడకు ఒక కన్నం పెట్టింది. గల్ఫ్‌లో సంపాదించి పంపిన భర్త, ఇక్కడ ఇల్లు నడిపిన భార్య ఉన్న కేసులో, ఆమె శ్రమ కూడా ఆస్తి కొనడంలో భాగమేనని చెప్పి సగం వాటా ఇచ్చింది. ఒక జడ్జి ఇచ్చిన తీర్పు అది, మన రెండు రాష్ట్రాల కోర్టులు దాన్ని పాటించి తీరాలనేం లేదు. వాదించడానికి పనికొస్తుంది.

పార్లమెంటు కూడా ఒకసారి అంచుదాకా వెళ్లింది. భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇచ్చే వివాహ చట్టాల సవరణ బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. కోలుకోలేనంతగా చెడిన పెళ్లిని విడాకులకు కారణంగా చేర్చింది కూడా ఆ బిల్లే. లోక్‌సభలో అది కదల్లేదు. 2014లో ఆ సభతో పాటే మురిగిపోయింది.

గోవాలో మాత్రం 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ఇంకా నడుస్తోంది. పెళ్లికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే, ఇద్దరి ఆస్తీ ఉమ్మడి అయిపోతుంది, చెరి సగం. ఒకరి సంతకంతో ఇల్లు అమ్మడం కుదరదు. ఆదాయపు పన్ను చట్టం కూడా దీన్ని గుర్తించి, 1961 చట్టంలో 5ఏ అనే సెక్షన్ పెట్టి అక్కడి దంపతుల ఉమ్మడి ఆదాయాన్ని సమానంగా విడదీసి లెక్కించింది. అంటే మన దేశంలోనే ఒక రాష్ట్రం ఈ పద్ధతితో దశాబ్దాలుగా బతుకుతోంది. మిగతాచోట్ల ఇది కుదరదనేవాళ్లు అక్కడికి ఒకసారి వెళ్లి చూసి మాట్లాడితే బాగుంటుంది.

పెళ్లికి ముందే ఒప్పందం రాసుకుంటే సరిపోతుంది కదా అని ఐటీ ఉద్యోగాల్లో ఉన్న జంటలు అడుగుతున్నారు. రేపు విడిపోతే ఇలా అని ముందే రాసుకునే ఒప్పందాలను హిందూ వివాహాల్లో మన కోర్టులు ప్రజా విధానానికి విరుద్ధమంటూ సాధారణంగా పక్కన పెడతాయి. ఎవరి డబ్బుతో ఏది కొన్నారో చూపించే సాక్ష్యంగా కొంత పనికిరావచ్చు, అంతకుమించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అమెరికాలో విడాకులు, ఊళ్లో పొలం

అమెరికాలో కాలిఫోర్నియా, టెక్సాస్, వాషింగ్టన్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో పెళ్లి తర్వాతి సంపాదన దంపతుల ఉమ్మడి సొత్తు. కాలిఫోర్నియాలో దాన్ని సమానంగా పంచుతారు. టెక్సాస్‌లో "న్యాయంగా" పంచుతారు, అది ఎప్పుడూ సగమే కానక్కర్లేదు. మిగతా రాష్ట్రాల్లో కూడా పేరు ఎవరిదని ఆగకుండా, సబబైన పంపకం చూస్తారు. ఇంట్లో ఉన్నవాళ్ల శ్రమ అందులో లెక్కకు వస్తుంది.

అందుకే భర్త ఇక్కడ, భార్య అక్కడ కేసు వేయడం, లేదా దానికి తిరగేసినట్టు, మామూలైంది. విదేశీ డిక్రీ ఇక్కడ ఎప్పుడు చెల్లుతుందో 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు కూడా మనదే. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న భర్త, మిస్సోరీ రాష్ట్రంలోని కోర్టు నుంచి విడాకులు తెచ్చుకున్నాడు. భార్య ఆ కోర్టుకు లోబడలేదు, డిక్రీకి ఆధారమైన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని కోర్టు తేల్చింది. ఇద్దరూ ఇష్టపూర్వకంగా ఆ కోర్టు ముందుకెళ్లి, ఒప్పుకుని తీసుకున్న డిక్రీ అయితే వేరు. వీసా మీద ఉన్నప్పుడు అక్కడి విడాకుల కాగితంతో ఇక్కడికొచ్చి రెండో పెళ్లి చేసుకునేవాళ్లు ముందు ఈ సంగతి చూసుకోవాలి. ఇక ఇక్కడి భూమి విషయంలో, అక్కడి కోర్టు దాని విలువను లెక్కలోకి తీసుకుని వేరే రూపంలో సర్దుబాటు చేయొచ్చు గానీ, దాని హక్కును నేరుగా మార్చే వీలు దానికి లేదు. ఆ అధికారం పొలం ఉన్న చోటి కోర్టుదే.

చివరగా, విడిగా ఉంటూ ఏ కేసూ వేయని జంటల గురించి. పదేళ్లుగా ముఖాలు చూసుకోకపోయినా, డిక్రీ రానంతవరకు వాళ్లు చట్టరీత్యా భార్యాభర్తలే. ఒకరు వీలునామా రాయకుండా పోతే రెండోవాళ్లు వారసులు. పిల్లలు లేని మహిళ సొంతంగా సంపాదించుకున్న ఆస్తి అయితే, ఆమె కన్నవాళ్ల కంటే ముందు ఆ భర్తకే వెళ్తుంది. డిక్రీతో ఆ వారసత్వం తెగిపోతుంది. బ్యాంకు ఖాతాలో, పీఎఫ్‌లో, బీమా పాలసీలో నామినీగా రాసిన పాత పేరు మాత్రం, ఎవరో ఒకరు వెళ్లి ఫారం నింపే దాకా అలాగే ఉంటుంది.